మేక లేని మాంసానికి బొమికలు

ఆ వీధిలో ఆయన్ని అందరూ తూకం మావయ్య అంటారు. ఆ పేరు ఆయనే పెట్టుకున్నాడని కొందరు, వీధివాళ్ళు వెటకారంగా పెట్టారని కొందరు చెబుతారు. రెండూ నిజమే అయ్యుంటాయి. మూడు తరాల మాంసం కొట్టు ఆయనది. తాత నిలబడి అరగదీసిన గచ్చు మీదే ఈయనా నిలబడ్డాడు, తాత కత్తి దెబ్బలకి నడిమధ్య గుంట పడ్డ మొద్దు మీదే ఈయనా కొట్టాడు. తన జన్మలో ఒక్కనాడు కూడా తూకం తగ్గించి ఎరగనని రోజుకోసారైనా చెప్పుకునేవాడు. అది అబద్ధం కాదు. ఆయన త్రాసు ఎప్పుడూ కొనేవాళ్ళ వైపే కాస్త మొగ్గేది. మొగ్గిన ఆ త్రాసులో ఏముందన్నది వేరే సంగతి, ఆ సంగతి మాత్రం ఆయన ఎత్తేవాడు కాదు.

అసలు విద్యంతా ఎడంచేతిలో ఉంది. కుడిచెయ్యి కత్తిని చెవి దాకా ఎత్తి మొద్దు మీద దభీమని దించుతుంది. కొనేవాళ్ళ చూపు కత్తి వెంట పోతుంది, పోక చస్తుందా, కత్తి కదా. ఆ చూపు మళ్ళీ త్రాసు దగ్గరికి వచ్చేలోపల ఎడంచెయ్యి పక్క కుప్పలోంచి బొమికలు తీసి మెత్తటి ముక్కల కింద దూర్చేసి, ఏమీ ఎరగనట్టు తువ్వాలుకి తుడుచుకుంటూ ఉంటుంది. ఎవరికెన్ని అన్నదానికీ ఓ పద్ధతి ఉంది. నోరున్నవాళ్ళకి తక్కువ, మొహమాటస్తులకి ఎక్కువ, తొందరలో ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకైతే దాదాపు అస్థిపంజరమే కట్టి ఇచ్చేవాడు. ఊళ్ళో మొహమాటం ఉన్నంతకాలం తన కొట్టుకి ఢోకా లేదని ఆయన ధీమా.

ఇంటికెళ్ళి పొట్లం విప్పుకున్నవాళ్ళు మండిపడుతూ తిరిగొచ్చేవాళ్ళు. ఆయన కత్తి పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, లోకంలో తనంత అమాయకుడు లేనట్టు మొహం పెట్టి, "బొమికలు లేకుండా మేక నడుస్తుందా అమ్మా?" అనేవాడు. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. తిట్టేవాళ్ళు, శాపనార్థాలు పెట్టేవాళ్ళు, ఇక ఈ గడప తొక్కమనేవాళ్ళు, వారం తిరిగేసరికి వచ్చి అదే గడప తొక్కేవాళ్ళు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని పెద్దలు ఊరికే అనలేదు. పక్కవీధిలో ఇంకో కొట్టుండేది. అతను ఒక్క బొమిక ఎక్కువ వేసేవాడు కాదు, ఒక్క మాట ఎక్కువ మాట్లాడేవాడూ కాదు. అతని కొట్టు ఎప్పుడో మూతపడింది.

ఆయన చేతి బొమికలు అందరికంటే ఎక్కువ తిన్నది మాత్రం ఆయన పెళ్ళామే. తగువాడి వెనక్కి ఇచ్చినవీ, అమ్ముడుపోనివీ, ఎంత మొహమాటస్తుడికైనా అంటగట్టలేనివీ సాయంత్రానికి ఇంటికి చేరేవి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ గిన్నెలో గరిటె తిప్పి చూసి, ఇందులో మాంసం ఏదండీ అని ఒకే ఒక్కసారి అడిగింది. "పీల్చవే, లోపల మూలుగ ఉంటుంది. అలవాటైపోతుంది," అన్నాడాయన. అలవాటైపోయింది. ఆ అలవాటుకి రెండు దవడపళ్ళు కూడా పోయాయి. వీధిలో అందరికీ వచ్చి పోట్లాడటానికి కొట్టుంది, ఆవిడకి అదీ లేదు.

అలాంటి మనిషిని చివరికి చొప్ప దెబ్బ కొట్టింది.

ఊరి చివర ఒక కంపెనీ వెలిసింది. బతికున్న మేక తొడలోంచి గోరంత కండ గిల్లి, దాన్ని స్టీలు పీపాల్లో వేసి, తియ్యటి కషాయం పట్టి పెంచితే అది పెరిగి పెరిగి మాంసమవుతుందిట. మేక మాత్రం తన దారిన తాను పోయి మేస్తూ ఉంటుందిట. మొదట్లో ఆ కషాయానికి మేలురకం చక్కెర వాడితే అది మేకల మందను మేపడం కన్నా ఖరీదై కూర్చుంది. అప్పుడు కంపెనీ కన్ను పొలాల మీద పడింది. మొక్కజొన్న కోతలయ్యాక మిగిలే చొప్ప, గింజ ఒలిచేశాక మిగిలే కండెలు, పొట్టు, అన్నీ పోగుచేసి ఉడకబెట్టి, పులియబెట్టి, వాటిలోంచే చక్కెర దింపడం మొదలుపెట్టారు. పంట వ్యర్థాల నుంచి మాంసం అని లారీల మీద పెద్దక్షరాలతో రాయించుకున్నారు. వీధి మాత్రం దానికి పీపా మాంసం అని పేరు పెట్టి చేతులు దులుపుకుంది.

ఆ లారీ రాత చూసినప్పుడల్లా తూకం మావయ్యకి అరికాలి మంట నెత్తికెక్కేది. చొప్ప వ్యర్థమని ఎవడన్నాడు, మేకలు తినేది అదే కదా అని కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళతోనూ వాదించేవాడు. వాదనలో సగం నిజం. లారీ వచ్చి పొలం గట్టు మీదే ఎత్తుకుపోతుంటే మేకలవాళ్ళకి చొప్ప ఎక్కణ్ణుంచి వస్తుంది. మిగతా సగం ఆయన చెప్పేవాడు కాదు. ఆ కంపెనీ రాకముందు రైతులు ఏటేటా బోలెడు చొప్ప పొలంలోనే తగలబెట్టేవాళ్ళు, ఆ పొగకి ఊరంతా దగ్గేది, అందరికంటే గట్టిగా ఈయనే దగ్గేవాడు. ఏమైతేనేం, మేకలు బక్కచిక్కాయి, సంత పలచబడింది, చివరికి కొట్టు ముందు కట్టేసే మేకే లేకుండా పోయింది. మేక మేత తీసుకుని మేక లేకుండా మాంసం చేస్తున్నారు, ఇక మధ్యలో నేనెందుకని ఆయన మొద్దు పక్కన స్టూలేసుకుని ఈగలు తోలుకున్నాడు.

ఆయన అల్లుడు సరిగ్గా ఆ కంపెనీలోనే అమ్మకాల శాఖలో ఉద్యోగి. బుద్ధిమంతుడు, అబద్ధమాడటం చేతకానివాడు. అబద్ధం చేతకాకుండా అమ్మకాల్లో ఎలా నెట్టుకొస్తున్నాడో ఎవరికీ తెలియదు. చిన్న బొంకు బొంకాల్సి వచ్చినా చెవులు ఎర్రగా అయిపోయేవి. పెద్ద దుకాణాల్లో పెట్టిన పీపా మాంసం పెట్టింది పెట్టినట్టే ఉండిపోతోందని, తెలిసిన చెయ్యి కొట్టి ఇస్తే గాని జనం మాంసాన్ని నమ్మరని, మా మావయ్య గారి కొట్టులో అమ్మి చూద్దామని అతనే పైవాళ్ళని ఒప్పించాడు. వానాకాలం వెళ్ళేదాకా గడువిచ్చారు. ఈలోగా వీధి అలవాటు పడితే కొట్టు ఉంటుంది, లేకపోతే తాళం వేసేస్తారు.

కొట్టుకి తెల్ల పలకలు అంటించారు. అద్దాల పెట్టె, చల్లటి గాలి, ఆయన నెత్తికి తెల్ల టోపీ, చేతులకి తొడుగులు. మొద్దు కూడా తీసేస్తామంటే మాత్రం మావయ్య దానికి అడ్డంగా నిలబడ్డాడు. కొట్టు మూతపడిననాడు ఆ మొద్దు ఏ పొయ్యిలోకి పోతుందో ఆయనకి తెలుసు. అల్లుడి ఉద్యోగం గురించి ఆయన అట్టే బెంగపడలేదు, చదువుకున్నవాడు ఎక్కడైనా బతుకుతాడు. తనకి మాత్రం ఆ మొద్దు వెనకాల తప్ప ఇంకెక్కడా నిలబడటం రాదు. ఇంట్లో కూర్చుంటే తనతో పోట్లాడటానికి ఎవరొస్తారు? 

పీపా మాంసం దిమ్మలుగా వచ్చేది. తెలుపూ ఎరుపూ కాని రంగు, కొవ్వు లేదు, నరం లేదు, బొమిక అసలే లేదు. కత్తి వేస్తే చప్పుడు లేకుండా దిగిపోయేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన మొద్దు వెనకాల బొమ్మలా నిలబడేవాడు. జనం అద్దంలోంచి చూసి, ఆయనకి ఓ నవ్వు పడేసి, ముందుకు పోయేవాళ్ళు. తిట్టినా బాగుండు, నవ్వేవాళ్ళు.

ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. టైలరమ్మ అంటారు. మూరెడు గుడ్డలో వేలెడు తేడా వచ్చినా ఊరుకోని మనిషి, మూడు దశాబ్దాలుగా మావయ్యతో ఆదివారం ఆదివారం తగువు పడుతున్న మనిషి. ఆవిణ్ణి పిలిచి ఓ ముక్క ఊరికే ఇచ్చాడు, వండుకుని తిని చెప్పమన్నాడు. మర్నాడు ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకునే వచ్చింది, వాటిని తీసి జాకెట్టుకి గుచ్చుకుని, బానే ఉందంది. బాగుంటే మరి కొనవేమని అడిగాడు. 

"తప్పు పట్టడానికి ఏమీ లేదు మావయ్యా. అదే భయంగా ఉంది," అంది.

కంపెనీ వాళ్ళు వీధంతా తిరిగి అడిగితే తేలింది కూడా ఇంచుమించు అదే. బొమిక లేదు, పీల్చడానికి ఏమీ లేదు, ఇదేం మాంసం అన్నారు జనం. ఫ్యాక్టరీ వెనకాల చూస్తే చక్కెరంతా దిగిపోయిన కండెల పిప్పి గుట్టలుగా పడి ఉంది, దాన్ని ఎక్కడ పారెయ్యాలో తెలియక తలపట్టుకుని ఉన్నారు. ఆ పిప్పినే యంత్రంలో వేసి, గట్టిగా ఒత్తి, బొమికల ఆకారం తీశారు. మధ్యలో డొల్ల, పైన సన్నసన్న బెజ్జాలు, కూర రసం పీల్చుకుంటుంది. పంటి కింద నలగదు, కడుపులోకి పోయినా ప్రమాదం లేదు. పొట్లానికి ఒకటి చొప్పున ముచ్చటకి వెయ్యమని మావయ్య కొట్టుకి బస్తాలు పంపించారు. అల్లుడు ఊరుకుంటాడా, ఇది నిజమైన ఎముక కాదు, మొక్కజొన్న కండె అని పలక రాయించి గోడకి తగిలించాడు. మావయ్య ఆ పలక మేకుకి తన తువ్వాలు తగిలించాడు.

అలా ఒకటి చొప్పున వేస్తూ కొన్నాళ్ళు బుద్ధిగానే ఉన్నాడు. అయినా ఈగలే మిగిలాయి. వానలు సగం అయిపోయాయి.

ఒకరోజు టైలరమ్మ ఇంటికి చుట్టాలొచ్చారు. ఇంకెక్కడా దొరక్క విధిలేక మావయ్య దగ్గరికే వచ్చింది. ఆవిడకి తొందరగా ఉంది, ఆయన కత్తి ఎత్తాడు. అంతే. ఆ తర్వాత జరిగింది ఆయన చేసింది కాదు, ఎడంచెయ్యి చేసింది. ఆ చెయ్యి తొడుగుతో సహా వెళ్ళి బస్తాలోంచి దొరికినన్ని తీసి మెత్తటి ముక్కల కింద దూర్చేసి, ఎప్పటిలాగే తువ్వాలు కోసం వెతుక్కుంది. తువ్వాలు గోడ మీద ఉండటంతో ఆయన ఉలిక్కిపడ్డాడు. అప్పటికి ఆవిడ పొట్లం పుచ్చుకుని వెళ్ళిపోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు.

కాసేపటికి ఆవిడ తిరిగొచ్చింది. చెయ్యి తిప్పుకుంటూ వీధి దాటుతున్న ఆ నడక చూడగానే ఆయన ఒళ్ళు పులకరించింది. పొట్లం తెచ్చి అద్దాల పెట్టె మీద బోర్లించి, నేను డబ్బిచ్చింది కండెలకా మాంసానికా అని వీధంతా వినబడేలా అడిగింది. పక్క కొట్లవాళ్ళు తలలు బయటపెట్టారు. మావయ్య కత్తి పక్కన పెట్టాడు, చేతులు కట్టుకున్నాడు, ఆ పాత మొహం దానంతట అదే వచ్చి కూర్చుంది.

"బొమికలు లేకుండా మేక నడుస్తుందా అమ్మా?"

"ఏ మేక? ఇందులో మేకెక్కడుంది? పీపా నడుస్తుందా?" అంది టైలరమ్మ.

తరతరాలుగా జవాబు లేని ప్రశ్నకి జవాబు దొరికింది.  మావయ్య టోపీ సర్దుకున్నాడు.

"మేకే లేకపోతే బొమికల గురించి నాతో తగువెందుకమ్మా? మేక మాంసమని నమ్మబట్టే కదా తగువుకొచ్చావు," అన్నాడు.

టైలరమ్మ మాట మార్చి, రెండు బొమికలు తీసేసి మెత్తటి ముక్క వెయ్యమంది. ఆయన ఒకటి తీసి, గోరంత ముక్క వేశాడు. ఇక ఈ గడప తొక్కనని ఒట్టేసుకుని పోయిందావిడ. వారం తిరక్కుండానే వచ్చింది.

తూకం మావయ్య మళ్ళీ మోసం మొదలెట్టాడన్న కబురు వీధి ఈ చివర నుంచి ఆ చివరికి పాకింది. విన్నవాళ్ళందరి మనసూ ఎందుకో కుదుటపడింది. మోసం చెయ్యాలంటే అందులో ఏదో విలువైన సరుకుండాలి కదా అని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకున్నారు. చూద్దామని ఒకళ్ళొచ్చారు, నన్ను మోసం చెయ్యమను చూస్తానని ఇంకొకళ్ళొచ్చారు. బొమికలు తగలడంతో కత్తికి మళ్ళీ చప్పుడొచ్చింది. ముందు రోజు నవ్వి వెళ్ళినవాళ్ళే మర్నాడు వచ్చి తిట్టి కొనుక్కుపోయారు. మావయ్య రొమ్ము విరుచుకుని తిరిగాడు, తెల్ల టోపీ కూడా కాస్త పక్కకి వంచి పెట్టాడు. పరిశుభ్రంగా, పాపం లేకుండా, చిత్తశుద్ధితో అమ్మినన్నాళ్ళూ ఒక్క ముక్క కొనని వీధి, మోసం మొదలవగానే వరస కట్టింది. అందులో తప్పు ఆయనది ఎంతో, వీధిది ఎంతో చెప్పడం కష్టం.

బొమికల బస్తాలు ఇంత తొందరగా ఎందుకు ఖాళీ అవుతున్నాయో అల్లుడికి కొన్నాళ్ళు అర్థం కాలేదు. అర్థమయ్యాక భోజనానికని అత్తవారింటికొచ్చి, ముద్ద దిగక కూర్చున్నాడు. అతని కంచంలో అన్నీ మెత్తటి ముక్కలే ఉన్నాయి, అల్లుడు కదా. పొట్లానికి ఒక్కటే అని రాసి ఉంది కదండీ అని నసిగాడు.

"రాసింది మీరు, వేసేది నేను. తూకంలో తేడా ఉందా అల్లుడు గారూ?" అన్నాడు మావయ్య.

"లేదండి. కానీ మోసం కదండీ."

కొనేవాళ్ళకి లేని బాధ మీకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకని మావయ్య నవ్వేశాడు. మీ ఉద్యోగం నిలబెట్టింది కూడా ఆ బొమికేనని గుర్తు చేశాడు. మావయ్య పెళ్ళాం ఆ పక్కనే కూర్చుని, యంత్రంలో వంకరపోయి అమ్మకానికి పనికిరాని కండె బొమిక ఒకటి నోట్లో పెట్టుకుని చూసి, తీసి కంచం అంచున పెట్టింది. వీటిలో మూలుగ కూడా లేదు అంది. ఆ మాట మామాఅల్లుళ్ళు ఇద్దరూ వినిపించుకోలేదు.

అల్లుడికి ఆ బరువు మొయ్యడం చేతకాలేదు. మర్నాడే వెళ్ళి తన పైన ఉన్న పెద్ద మేడంతో జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. కన్నకూతుర్నిచ్చిన మామని పట్టించిన అల్లుడని వీధి తర్వాత చాలాకాలం చెప్పుకుంది గాని, అతను చెవులు ఎర్రబడకుండా చెప్పిన మాటల్లో అదొకటి.

పెద్ద మేడం కొట్టుకి వచ్చిననాడు మావయ్య తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. ఉతికి ఆరేస్తుందనుకుంటే ఆవిడ స్టూలు లాక్కుని మొద్దు పక్కనే కూర్చుంది. అమ్మకాలు ఇంత పెరిగాయంటే మీ చేతిలో ఏదో ఉంది, ఒకసారి చూపిస్తారా అని అడిగింది. ఎంత బాగా అడిగిందంటే, ముప్పై ఏళ్ళలో ఎవరూ ఆయన్ని అలా అడగలేదు. ఆయన కత్తి ఎత్తాడు, ఎడంచెయ్యి దాని పని అది చేసింది. కనిపించనే లేదండీ అని ఆవిడ బుగ్గన వేలేసుకుని, ఫోను కెమెరా పెట్టి, మళ్ళీ ఒకసారి, ఈసారి కాస్త నెమ్మదిగా అంది.

నెమ్మదిగా చేసి చూపించాడు. అంతటితో ఆగాడా. నోరున్నవాళ్ళకెన్ని, మొహమాటస్తులకెన్ని, కిందటిసారి తగువాడినవాళ్ళకి ఈసారి ఎంత తగ్గించాలి, ఎప్పుడూ అడగనివాళ్ళకి ఎంతదాకా పెంచొచ్చు, తండ్రి తనకి కూడా పూర్తిగా చెప్పక తనే కనిపెట్టిన కిటుకులతో సహా అన్నీ కక్కేశాడు. తన మాటకి ఆవిడ తలూపిన కొద్దీ ఈయన ఉప్పొంగిపోయాడు. గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందని అందరికీ తెలుసు. కసాయివాడు ఎవర్ని నమ్ముతాడో ఎవరూ చెప్పలేదు. పొగిడినవాళ్ళని నమ్ముతాడు.

కొన్నాళ్ళకి కొట్టులోకి ఓ యంత్రం వచ్చింది. ముక్కలు అదే కోస్తుంది, అదే తూస్తుంది, బొమికలు అదే కలుపుతుంది. ఎవరు కిందటిసారి ఫిర్యాదు చేశారో దానికి గుర్తుంటుంది, వాళ్ళకి తగ్గిస్తుంది. నోరెత్తనివాళ్ళకి పెంచుతుంది. తొందరలో ఉన్నవాళ్ళని ఎలా కనిపెడుతుందో గాని కనిపెడుతుంది. చెయ్యి వణకదు, తువ్వాలు అడగదు. పైగా బొమిక పెరిగిన కొద్దీ పొట్లంలో పంట వ్యర్థాల పాలు పెరుగుతుంది కదా. పారబోయాల్సిన పిప్పిని కూడా వదలకుండా వాడుకుంటున్న సంస్థ అని కంపెనీకి ఎక్కడో ఓ బహుమతి ఇచ్చారు. పెద్ద మేడం దాన్ని అందుకుంటున్న ఫోటో పేపర్లో పడింది. మావయ్య తన జీవితంలో వేసిన ప్రతి బొమికా లోకకల్యాణమేనని అప్పుడే తెలిసింది.

పొమ్మనలేక పొగబెట్టడంలో మాత్రం యంత్రాలు ఇంకా నేర్చుకోవాల్సింది ఉంది, ఆ పని మనుషులే చేశారు. ముందు భద్రత కోసమని కత్తి తీసుకున్నారు. తర్వాత వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టడానికి గుమ్మం దగ్గర నిలబెట్టారు. నమస్కారం పెట్టించుకున్నవాళ్ళెవరూ తగువుకి రారు, ఆ సంగతి రెండురోజుల్లోనే ఆయనకి తెలిసొచ్చింది. చివరికి ఒకరోజు అందరినీ పిలిచి చప్పట్లు కొట్టించి, ఫోటో తీసి, ఇక ఇంట్లో విశ్రాంతి తీసుకోండి, మీకు అలసటగా ఉంటుందని చెప్పి పంపేశారు. మొద్దు పొయ్యిలోకి పోలేదు. తీసుకెళ్ళి కంపెనీ ముందు హాల్లో అద్దాల పెట్టెలో పెట్టారు, దాని మీద లైటు కూడా వేశారు. అల్లుడికి ఆ కొట్టు చూసుకునే అధికారం ఇచ్చారు. అతను వద్దనలేకపోయాడు, ఇంట్లో పెళ్ళాం ఉంది కదా.

ఇంట్లో కూర్చున్న మావయ్యతో పోట్లాడటానికి ఎవరూ రాలేదు. అన్నంలో ఉప్పు తక్కువైందని ఆయనే ఓ రోజు మొదలుపెట్టబోతే, పెళ్ళాం ఉప్పు డబ్బా తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. కొట్టులో ఉన్నన్నాళ్ళూ లోకమంతా తనని తిడుతోందని చెప్పుకుని గర్వపడ్డ మనిషికి, ఇప్పుడు తిట్టే దిక్కు లేదు.

ఓ ఆదివారం ఆవిడే సంచి చేతికిచ్చి మాంసం తెమ్మంది. జన్మలో మొదటిసారి ఆయన తన కొట్టు ముందు వరసలో నిలబడ్డాడు. ముందు టైలరమ్మ ఉంది. ఆవిడ పొట్లం విప్పి చూసి, యంత్రానికున్న ఎర్ర బొత్తాం నొక్కింది. మీ ఫిర్యాదు మాకు విలువైనది అని యంత్రం తియ్యగా అంది. యంత్రం ఇంకా ఏదైనా అంటుందేమోనని ఆవిడ కాసేపు నిలబడి చూసింది. అది ఇంకేం అనలేదు. ఆవిడ ఇటు తిరిగి మావయ్యని చూసి, ఓ నవ్వు పడేసి వీధి దాటి వెళ్ళిపోయింది.

ఆయన వంతు వచ్చింది. ఆయన ఎప్పుడూ కొనలేదు గనుక ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ సంగతి యంత్రానికి తెలుసు. వచ్చిన పొట్లం అల్లుడు రెండు చేతులతో పట్టుకుని గౌరవంగా అందించాడు. మావయ్య అక్కడే విప్పాడు. పైన పల్చగా ఓ వరస మెత్తటి ముక్కలు, కిందంతా బొమికలు. తను కొత్త కాపురాల వాళ్ళకి కూడా ఇన్ని వెయ్యలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని వెనకాల ఎవరో గొణిగారు.

"ఏంటిది అల్లుడు గారూ?" అన్నాడు. 

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. తల దించుకుని, పొట్లం కాగితాన్ని మెల్లిగా ఇటు తిప్పాడు. దాని మీద మావయ్య ఫోటో ఉంది, తెల్ల టోపీ కాస్త పక్కకి వంచి, చేతులు కట్టుకుని, లోకంలో తనంత అమాయకుడు లేనట్టు నవ్వుతున్నాడు. కింద పెద్దక్షరాలతో, బొమికలు లేకుండా మేక నడుస్తుందా అని అచ్చేసి ఉంది. ఆ కింద కళ్ళకి కనిపించీ కనిపించని అక్షరాలతో, ఇందులో మేక లేదు అని ఉంది. అది అల్లుడు పట్టుబట్టి వేయించుకున్న మాట.

"తూకం సరిగ్గానే ఉంది మావయ్య గారూ," అన్నాడు అల్లుడు, నేల చూపులు చూస్తూ.

వరసలోవాళ్ళందరూ ఆయన ఏమంటాడోనని చూస్తున్నారు. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు, ఆయన దగ్గర అసలే లేదు. ఎర్ర బొత్తాం నొక్కొచ్చు. తన కొట్టులో తను నొక్కడమా అని మొహమాటపడ్డాడు. పొట్లం సంచిలో వేసుకుని, వెనకాలవాళ్ళకి దారిచ్చి, తల వంచుకుని ఇంటికొచ్చాడు.

పెళ్ళాం పొట్లం విప్పి చూసింది. వండింది. కంచం పెట్టింది. మెత్తటి ముక్కలు ఏరి తన కంచంలో వేసుకుంది, బొమికలన్నీ ఆయన కంచంలోకి వంచింది. ఆయన ఒకటి తీసుకుని పీల్చాడు. కాస్త కారం తగిలింది, తర్వాత ఉడికిన కండె వాసన, తర్వాత ఏమీ లేదు. ఇందులో మాంసం ఏదే అన్నట్టు తలెత్తి చూశాడు. ఆవిడ మిగిలిన పళ్ళతో ముక్క తీరిగ్గా నములుతోంది.

"పీల్చండి," అంది. "అలవాటైపోతుంది."